ఆ నవలలో నాన్న మారి తీరాలా?

ప్రశ్న: నేను పల్నాడు జిల్లాలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయురాలిని. పదమూడేళ్లు దాటిన పిల్లల కోసం ఒక నవల రాస్తున్నాను. సగం పైగా అయింది. కథానాయిక నీరజ పదో తరగతి చదువుతోంది. తండ్రి తాపీ మేస్త్రీ. తాగుతాడు, తాగితే తల్లిని కొడతాడు. తమ్ముడు నాలుగో తరగతి. నీరజ చదివే బడిలో టీచరుకు సంగతి తెలిసి ఇంటికి వెళ్లి తండ్రిని నిలదీస్తుంది, అతను కన్నీళ్లు పెట్టుకుంటాడు. కథకు నేను అనుకున్న మలుపు అది. రాతప్రతి చూసిన ఒక ప్రచురణకర్త, "పిల్లలకు ఇంత చీకటి ఎందుకు? చివర్లో తండ్రి మారిపోయినట్టు రాయండి, వేద్దాం" అన్నారు. తోటి ఉపాధ్యాయులేమో ఇలాంటివి చదివితే పిల్లలకు పెద్దల మీద గౌరవం పోతుందంటున్నారు. మొదటి అధ్యాయాన్ని మా తొమ్మిదో తరగతి అమ్మాయికి చదవమని ఇచ్చాను. నాన్న బండి చప్పుడు వినగానే నీరజ మూలన కూర్చుని ఏడవడంతో ఆ అధ్యాయం మొదలవుతుంది. ఆ అమ్మాయి కాగితాలు తిరిగి ఇస్తూ, "బండి చప్పుడుకు ఎవరూ ఏడవరు టీచర్. ముందు తమ్ముడి పుస్తకాలు తీసి దాస్తారు" అని నవ్వి వెళ్లిపోయింది. ఈ వయసు పిల్లల చేతికి ఇలాంటి కథ ఇవ్వవచ్చా? ముగింపు ఎలా ఉండాలి? నా రాతలో నిజం ఎందుకు పలకడం లేదు?

సమాధానం: టీచరు గారూ, మీ మూడు ప్రశ్నల కన్నా ముందు ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి గురించి మాట్లాడాలి. ఆమె మాటను మీరు రచన మీద వ్యాఖ్యగా తీసుకుని నాకు రాసి పంపారు. అది మంచి విమర్శే. మీ రాతప్రతి గురించి ఇంతవరకు ఎవరైనా చెప్పిన మాటల్లో అదే విలువైనది. అయితే తమ్ముడి పుస్తకాలు ముందుగా దాచాలన్న సంగతి ఎవరికీ ఊరికే తోచదు. ఎక్కడో ఒక ఇంట్లో ఒక రాత్రి ఆ పుస్తకాలు చిరిగి ఉండాలి. ఆ ఇల్లు ఆమెదే కావచ్చు, ఆమె స్నేహితురాలిది కావచ్చు. నవ్వి వెళ్లిపోయిందన్నారు. మీరు వెనక్కి పిలుస్తారేమోనని ఒకసారి చూసి ఉంటుందని నాకు అనిపిస్తోంది.

కాబట్టి నవలను కొన్ని రోజులు పక్కన పెట్టి, ఈ వారంలోనే ఆమెతో మాట్లాడండి. తరగతిలో అందరి ముందూ పిలవకండి, స్టాఫ్ రూముకు రప్పించకండి. గ్రంథాలయం పుస్తకాలు సర్దే పని చెప్పండి, లేదా మధ్యాహ్న భోజనం తర్వాత మెట్ల మీద పక్కన కూర్చోండి. "నువ్వు చెప్పిన మాట నా మనసులో ఉండిపోయింది. అలాంటిది నీకు తెలిసిన ఇంట్లో జరుగుతోందా?" అని అడిగితే చాలు. "మీ నాన్న తాగుతాడా?" అని నేరుగా అడిగితే లేదంటుంది. నాన్నను బయటపెట్టానన్న బాధ ఆ వయసుకు చాలా పెద్దది. ఆమె చెప్పకపోతే బలవంతం చేయవద్దు. నెలాఖరులోగా మరోసారి, మరో పని మీద పక్కన కూర్చోండి. చెబితే మాత్రం మధ్యలో సలహాలు ఇవ్వకుండా వినండి.

ఒక్క విషయంలో జాగ్రత్త అవసరం. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి. 18 ఏళ్లలోపు పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిసినవాళ్లు ఆ సంగతి పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం అంటుంది. దాచడం నేరం. ఆమె కష్టం అలాంటిది కాకపోవచ్చు. కానీ వినకముందే మీకు తెలియదు. అందుకే "నీకు చెప్పకుండా ఎవరితోనూ మాట్లాడను, నీకు ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం సాయం చేసేవాళ్లకు చెబుతాను" అనండి. పిల్లలకు ఈ తేడా అర్థమవుతుంది. మాట ఇచ్చి తప్పినవాళ్లను ఆ ఇళ్లలో పిల్లలు రోజూ చూస్తూనే ఉంటారు, అలాంటివాళ్లలో మీరు ఒకరు కాకూడదు.

ఇంకొకటి, ఇది మీ కథకూ చెందుతుంది. ఆవేశపడి ఆ ఇంటికి వెళ్లి తండ్రిని నిలదీయకండి. మీ నవలలో టీచరు చేసినది అదే, దాని ఫలితంగా తండ్రి ఏడ్చాడు. బయట ఎక్కువగా జరిగేది వేరు. టీచరు ఉన్నంతసేపు అతను తల వంచుకుని "తప్పయిపోయింది మేడం" అంటాడు. ఆమె వీధి మలుపు తిరిగాక, ఇంటి సంగతి బడిదాకా మోసింది ఎవరని అడుగుతాడు. ఆ రాత్రి దెబ్బలు తల్లితో ఆగవు. మర్నాడు నుంచి ఆ పిల్ల మీతో కూడా మాట్లాడదు. సాయం అడగాల్సిన చోటు 1098, పిల్లల సహాయ ఫోను. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, డబ్బు పడదు, పిల్లలే చేయవచ్చు, వాళ్ల తరఫున మీరూ చేయవచ్చు. వాళ్ల ద్వారా జిల్లా బాలల సంరక్షణ విభాగం, అవసరమైతే బాలల సంక్షేమ కమిటీ కల్పించుకుంటాయి. తల్లికైతే 181. ఆ క్షణాన ప్రాణాపాయం ఉంటే 112. ఈ నంబర్లు మీ దగ్గర రాసి ఉంచుకోండి.

ఇక నవల సంగతి. నిజం ఎందుకు పలకడం లేదని అడిగారు. మీరు నీరజను బయటి నుంచి, జాలితో చూస్తున్నారు. జాలిపడేవాళ్లకు ముందు కన్నీళ్లే కనిపిస్తాయి. ఆ ఇంట్లో ఉన్న పిల్లకు ఏడవడానికి తీరిక ఉండదు, పని ఉంటుంది. బండి ఆగిన తీరును బట్టి ఎంత తాగాడో అంచనా వేయాలి. స్టాండు ఒకేసారి పడిందా, రెండు మూడుసార్లు ప్రయత్నించాడా? చెప్పులు గుమ్మం బయట విడిచాడా, చెప్పుల కాళ్లతోనే లోపలికి వచ్చాడా? అన్నం పొయ్యి మీద వేడిగా ఉందా? కూరలో ఉప్పు సరిపోయిందా? తమ్ముడు నిద్రపోయాడా, కనీసం పోయినట్టు నటిస్తున్నాడా? అమ్మ ఫోను ఛార్జింగులో ఉందా? ఇవన్నీ ఒక్క నిమిషంలో చూసుకునే పిల్ల అది. పుస్తకాలు దాచాక, గొడవంతా ముగిసి అందరూ పడుకున్నాక ఏడుస్తుందేమో. చాలామంది అప్పుడు కూడా ఏడవరు, లెక్కల హోంవర్కు పూర్తి చేస్తారు. మొదటి అధ్యాయాన్ని ఈ పనులతో తిరగరాయండి. "భయం" అన్న మాట ఒక్కసారి కూడా వాడకండి. పాఠకురాలికి గుండె వేగం దానంతట అదే పెరుగుతుంది.

తండ్రి తాపీ మేస్త్రీ అన్నారు కదా, ఆ పని మీకు ఇచ్చే సామగ్రిని మీరు ఇంకా వాడుకోలేదు. శనివారం సాయంత్రం వారం కూలి బట్వాడా. ఆ ఇంటి వారం ఆదివారంతో మొదలవదు, శనివారం చుట్టూ తిరుగుతుంది. బట్వాడా అందిన చోటికీ ఇంటికీ మధ్య బెల్టు షాపు ఎన్ని అడుగుల దూరంలో ఉందో నీరజకు తెలుసు. తల్లి ఆ దారిలో ఎదురు వెళ్లి డబ్బు చేతిలోకి తీసుకోవాలని చూస్తుంది, ఒక్కోసారి నీరజనే పంపుతుంది. నలుగురు మేస్త్రీల ముందు నిలబడి "అమ్మ డబ్బులు ఇమ్మంది నాన్నా" అని అడగాల్సి వచ్చిన పదిహేనేళ్ల పిల్ల గురించి ఒక అధ్యాయం రాయండి. ఆ తర్వాత సోమవారం మధ్యాహ్న భోజనంలో ఆమె రెండోసారి అన్నం పెట్టించుకుంటుంది. ఎందుకో మీరు చెప్పనక్కర్లేదు.

అతని మీద ప్రేమను కూడా రాయాలి. మీరు పంపిన కథాసారంలో అతను తాగుతాడు, కొడతాడు, చివర్లో ఏడుస్తాడు. ఇది మనిషి కాదు. తాగని పూట అతను ఎవరు? గోడకు తూకం పట్టి చూసే కన్ను ఊళ్లో అతనికే ఉందనుకుందాం. నీరజకు సైకిలు నేర్పింది అతనే. బడి ప్రహరీ గోడ కట్టిన మేస్త్రీల్లో అతనూ ఉన్నాడు, ఆ గోడను చూసినప్పుడల్లా ఆమెకు గర్వంగా ఉంటుంది. అదే గోడ పక్కన ఒక సాయంత్రం అతను ఒళ్లు తెలియకుండా పడి ఉంటే, స్నేహితురాళ్లతో కలిసి నడుస్తూ అతను ఎవరో తెలియనట్టు దాటిపోతుంది. అతన్ని ద్వేషించగలిగితే నీరజకు బతుకు సులువయ్యేది. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని "రాత్రి ఏమైనా అన్నానా తల్లీ?" అని అడిగే మనిషిని ఎలా ద్వేషించాలో ఆమెకు తెలియదు. ఇలాంటి ఇళ్ల పిల్లలను ఎక్కువగా నలిపేది ఈ రెండు మనసులే. ఎందుకో మన కథల్లో ఇది అరుదు. తాగుబోతు తండ్రి అంటే దుర్మార్గుడు, లేదా చివరి పేజీలో దేవుడు.

తల్లిని కూడా దేవతను చేయకండి. దెబ్బలు తిన్న మనిషి కోపం ఎక్కడో ఒకచోట బయటపడుతుంది, చాలాసార్లు పెద్దకూతురి మీద. "నువ్వు ఎదురు మాట్లాడకపోతే ఇంత రభస జరిగేదా?" అని తల్లి అన్న ఒక్క మాట నీరజలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఇంట్లో గొడవలకు తామే కారణమని పిల్లలు నమ్ముతారు. తాను మొదటి ర్యాంకు తెచ్చుకుంటే, తమ్ముడు అల్లరి మానేస్తే, కూర బాగా కుదిరితే నాన్న తాగడని వాళ్ల లెక్క. మీ నవల చదివే పిల్లకు అందాల్సినది ఇక్కడే ఉంది: ఆ తాగుడు ఆమె వల్ల రాలేదు, ఆమె మంచితనంతో పోదు. ఈ మాటను ఏ పాత్ర చేతా ఉపన్యాసంగా చెప్పించకండి. నీరజ ప్రయత్నించినవన్నీ ఒక్కొక్కటిగా విఫలం కావడం చూస్తే పాఠకురాలు తానే తెలుసుకుంటుంది.

మీ కథకు ఒక కాలపట్టిక సూచిస్తాను, ఇష్టమైతే తీసుకోండి. కార్తీకంలో తండ్రి అయ్యప్ప మాల వేసుకుంటాడు. మన ఊళ్లలో తాగుడు మానడానికి, కనీసం కొన్నాళ్లు ఆపడానికి చాలామంది ఎంచుకునే దారి అది. నల్లబట్టలు, తెల్లవారకముందే చన్నీటి స్నానం, నేల మీద పడక, 41 రోజుల మండల దీక్ష. ఇంట్లో అందరూ అతన్ని "స్వామీ" అని పిలుస్తారు, నీరజ కూడా. ఇల్లు శుభ్రంగా ఉంటుంది, సాయంత్రం భజన వినిపిస్తుంది, అమ్మ నవ్వుతుంది. తమ్ముడు పుస్తకాలు గచ్చు మీదే వదిలేసి పడుకుంటాడు. ఆ సంతోషం అబద్ధం కాదు, దాన్ని చిన్నబుచ్చకండి. నీరజ మాత్రం గోడ మీది క్యాలెండరు చూస్తూ ఉంటుంది. మాల తీసే రోజు దగ్గరపడేకొద్దీ ఆమెకు నిద్ర పట్టదు. ప్రశాంతంగా ఉన్న ఇంట్లో భయపడుతున్నందుకు తన మీద తనకే అసహ్యం వేస్తుంది. ఆ భాగం బాగా కుదిరితే నవలకు అదే గుండెకాయ అవుతుంది.

ఆ భాగంలో వైద్యపరంగా ఒక విషయం తప్పకుండా సరిచూసుకోండి. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగిన మనిషి ఒక్కసారిగా మానేస్తే శరీరం ఊరుకోదు. చివరిసారి తాగిన కొన్ని గంటలకే చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. కొందరికి మొదటి రెండు రోజుల్లో మూర్ఛ వస్తుంది. రెండు మూడు రోజులకు లేని మనుషులు కనిపించడం, ఎక్కడున్నాడో తెలియకపోవడం కూడా జరగవచ్చు. అది ప్రాణం తీయగల స్థితి, ఆసుపత్రిలో మందులతో దాటించాల్సినది. దీక్ష మూడో రోజున తండ్రి గాలిలో ఎవరినో చూసి మాట్లాడుతుంటే నాయనమ్మ స్వామి పూనాడంటుంది. జీవశాస్త్రం టీచరు దగ్గరికి పరుగెత్తాలా, గురుస్వామి దగ్గరికా అని నీరజ తేల్చుకోవాలి. చూడండి, ప్రచురణకర్త కోరిన "ఒక్క రోజులో మారిపోయిన తండ్రి" నిజంగా అలా మానేస్తే ఎంత ప్రమాదమో ఈ ఒక్క సన్నివేశం చెబుతుంది. పుస్తకం చదివిన ఏ పిల్లైనా "ఈ రోజు నుంచి ముట్టుకోవద్దు నాన్నా" అని ఒట్టు వేయించుకునే ముందు, అతన్ని జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపించాలని తెలుసుకుంటే అది చాలా పెద్ద మేలు.

సంక్రాంతి వెళ్తుంది, మాల దిగుతుంది. మీ జిల్లాలో అప్పటికి మిరప కోతలు జోరుగా ఉంటాయి. తల్లి చీకటితోనే కోతకు వెళ్తుంది, వంట నీరజ మీద పడుతుంది. బడి ఎగ్గొట్టి కోతకు వస్తే కూలి వస్తుందని తల్లే అడగవచ్చు. పదో తరగతి పరీక్షలు మార్చిలో. ఇంతకన్నా బిగువైన కాలాన్ని మీరు కల్పించలేరు, మీ పిల్లలు ఏటా అందులోనే ఉంటారు.

ఇప్పుడు ముగింపు. తండ్రి మారకపోతే చీకటి అన్నారు ప్రచురణకర్త. నాకు చీకటిగా అనిపించేది వాళ్లు అడుగుతున్న ముగింపే. తండ్రి మారలేదని రోజూ చూస్తున్న పిల్ల ఆ పుస్తకం మూసి ఏమనుకుంటుంది? "నీరజ నాన్న మారాడు, మా నాన్న మారలేదు, నేను సరిగ్గా ప్రయత్నించలేదు." ఆ భారం మనం ఆమె మీద పెట్టకూడదు. తండ్రి మారవచ్చు, మారేవాళ్లు ఉన్నారు. చికిత్సకు వెళ్లి, మానేసి, మళ్లీ తాగి, మళ్లీ వెళ్లి, అలా నిలదొక్కుకున్నవాళ్లు ఉన్నారు. ఆ ప్రయాణం మొదలైనట్టు చూపాలనుకుంటే చూపండి. కానీ నీరజ కథ అతని కథ మీద ఆధారపడకూడదు. అతను తాగినా మానినా నిలబడే మార్పు ఒకటి ఆమెకు దక్కాలి.

అది చిన్నదైనా ఫరవాలేదు. పరీక్షల నెల రోజులూ ఆమె, తమ్ముడూ పిన్ని ఇంట్లో పడుకునే ఏర్పాటు జరిగిందనుకోండి. తల్లి పొదుపు సంఘంలో సాటి ఆడవాళ్లకు మొదటిసారి నోరు విప్పిందనుకోండి. 2005 నాటి గృహహింస చట్టం ప్రకారం ఆ ఇంట్లో ఉండే హక్కు తనకు ఉందని, ఇల్లు భర్త పేరున ఉన్నా తనను బయటికి తోసేయడానికి వీల్లేదని ఆమెకు అక్కడే తెలిసిందనుకోండి. పుట్టింటికి వెళ్తే "సర్దుకుపో" అని తిప్పి పంపిన కుటుంబం ఉన్న మనిషికి ఆ మాట ఎంత బలమో వేరే చెప్పాలా? ఇవన్నీ మీ కథలో జరగగలవు, బయటా జరగగలవు. నీరజ గెలుపు నా దృష్టిలో ఒక్కటే, నమ్మదగిన ఒక పెద్ద మనిషికి ఆమె జరిగినది జరిగినట్టు చెప్పడం. ఆ ఘట్టానికి రెండు మూడు పేజీలు కాదు, ఒక పూర్తి అధ్యాయం ఇవ్వండి. మొదటిసారి చెప్పబోయి ఆగిపోవాలి. రెండోసారి తప్పు మనిషికి చెప్పాలి, ఆ మనిషి "ఇంటి గుట్టు లంకకు చేటు" అనాలి. ఆ సామెతతో మన పిల్లల నోళ్లు ఎన్ని మూతపడ్డాయో! రామాయణం తెలిసిన నీరజ ఆ రాత్రి పడుకుని, లంకకు చేటు తెచ్చింది గుట్టు చెప్పిన విభీషణుడా, సీతను ఎత్తుకొచ్చిన రావణుడా అని ఆలోచించుకుంటే నాకు చాలా ఇష్టం. మూడోసారి సరైన మనిషి దొరకాలి.

ఆ మనిషి టీచరే కానక్కర్లేదని నా మనవి. ఉపాధ్యాయులు రాసే నవలల్లో రక్షించేది ఎప్పుడూ టీచరే అవుతుంది. బడిలో అన్నం వండే ఆవిడ కావచ్చు, ఊళ్లోకి వచ్చే నర్సమ్మ (ఏఎన్ఎం) కావచ్చు, పక్కింటి తాతయ్య కావచ్చు. గొడవ మొదలవగానే టీవీ సౌండు పెంచే పక్కిల్లు మీ కథలో ఉండి తీరాలి. ఒక రాత్రి ఆ ఇంటివాళ్లు టీవీ ఆపేసి వచ్చి తలుపు తట్టారంటే, అది కూడా ముగింపే.

చదువుతో విముక్తి అన్న ముగింపు కూడా మీకు తోచి ఉంటుంది. పదో తరగతి మార్కులతో ట్రిపుల్ ఐటీలో సీటు, నూజివీడుకో ఇడుపులపాయకో ప్రయాణం, ఆరేళ్ల చదువు, హాస్టలు. 2008లో ఆ సంస్థలు మొదలైనప్పటి నుంచి పల్లె బడుల పిల్లలకు అది నిజమైన కల, దాన్ని తక్కువ చేయను. ఒకవేళ నీరజకు సీటు ఇస్తే, ఆమె బస్సెక్కిన రాత్రి తమ్ముడి పుస్తకాలు ఎవరు దాస్తారో కూడా రాయండి. ఇల్లు విడిచిన పెద్దపిల్లల మనసులో మెదిలే ప్రశ్న అది, ఎవరూ వాళ్లను అడగరు. సీటు రాకపోతే ఏమవుతుందో కూడా ఆలోచించండి. మార్కులు తక్కువ వచ్చిన నీరజకు కూడా క్షేమంగా నిద్రపోయే హక్కు ఉంది.

పిల్లలకు ఇవ్వవచ్చా అన్నది చివరికి మిగిలింది. మీ తోటి ఉపాధ్యాయులకు ఒక చరిత్ర గుర్తు చేయండి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో వయోజనులకు ఇచ్చిన వాచకంలో సారా వల్ల చితికిన ఒక ఇంటి కథ ఉంది. అప్పుడప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న ఆడవాళ్లు తమ కథ అచ్చులో చూసుకున్నారు. ఆ జిల్లాలోని దూబగుంట అనే ఊళ్లో సారా దుకాణం మూయించారు. 1992 నాటికి అది ఊరూరా పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. రెండేళ్లకే దాన్ని సడలించారన్నది వేరే సంగతి. తమ కష్టం పుస్తకంలో కనిపిస్తే మనుషులు చెడిపోతారనడానికి మన దగ్గర ఆధారం లేదు, నోరు విప్పుతారనడానికి ఉంది. ఆ ఉద్యమం గురించి చదివినప్పుడల్లా నాకు ఒక వెలితి కనిపిస్తుంది. తల్లుల గొంతు వినిపిస్తుంది, ఆ రాత్రుల్లో పక్క గదిలో మెలకువగా పడుకున్న పిల్లల గొంతు వినిపించదు. చిన్నపిల్లలకు 1947 నుంచి చందమామ ఉండేది, పెద్దలకు వారపత్రికల సీరియళ్లు ఉండేవి. పదమూడు నుంచి పద్దెనిమిది మధ్యవాళ్ల కోసం మనం రాసింది బాగా తక్కువ. మీరు ఆ ఖాళీలో రాస్తున్నారు, అందుకే ఇంత పట్టుబడుతున్నాను.

గౌరవం పోతుందన్న మాటకు నేను భయపడను. తాగి కొట్టే తండ్రి ఉన్న పిల్లకు మీ నవల కొత్తగా చెప్పేది ఏమీ లేదు, తాను ఒంటరి కాదన్నది తప్ప. అలాంటి తండ్రి లేని పిల్లకు, పక్క బెంచీ అమ్మాయి ఎందుకు ఎవరినీ ఇంటికి పిలవదో తెలుస్తుంది. అయితే ఏది చూపాలి, ఎంత చూపాలి అన్న దానిలో సంయమనం కావాలి. దెబ్బలను వర్ణించవద్దు. బెల్టు, రక్తం, అరుపులు పేజీల కొద్దీ రాస్తే ఆ ఇంటి పిల్ల పుస్తకం మూసేస్తుంది, మిగతావాళ్లు సినిమాలా చూస్తారు. తలుపు అవతల నుంచి నీరజ విన్నది రాయండి, మర్నాడు అమ్మ చేతి గాజులు ఎన్ని ఉన్నాయో రాయండి. నీరజ చనిపోవాలనుకున్నట్టు రాసే ఆలోచన ఉంటే, ఎలా అన్న వివరం ఒక్కటీ ఉండకూడదు, ఆ ఆలోచన ఎవరితోనైనా పంచుకున్నాక బరువు తగ్గినట్టు ఉండాలి.

ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి మాటను నవలలో వాడుకోవాలని మీకు అనిపిస్తుంది, అనిపించాలి కూడా. ఆమె ఇంటి సంగతులు కుదుటపడ్డాక ఆమెనే అడగండి. వద్దంటే వదిలేయండి, మరో వివరం దొరుకుతుంది. సరేనన్నా తమ్ముడిని చెల్లెలిగా మార్చండి, పుస్తకాలను ఇంకేదైనా చేయండి. ఊళ్లో ఎవరూ "ఇది ఫలానావాళ్ల ఇల్లు" అనుకోకూడదు. కృతజ్ఞతల పేజీలో ఆమె పేరు వేయకండి. పుస్తకం అచ్చయ్యాక మొదటి ప్రతి ఆమెకు ఇస్తే చాలు.

ప్రచురణకర్తతో మాట్లాడేటప్పుడు, ముగింపు మార్చను కానీ చివరి పేజీ ఒకటి అదనంగా ఇస్తానని చెప్పండి. ఆ పేజీలో పిల్లలకు 1098, తల్లులకు 181, మనసు బాగాలేనప్పుడు తెలుగులో మాట్లాడటానికి టెలీ మానస్ 14416, తాగుడు మానాలనుకునేవాళ్లకు 14446 అని పెద్ద అక్షరాలతో వేయించండి. అచ్చుకు ముందు ప్రతి నంబరుకూ మీరే ఒకసారి ఫోను చేసి చూసుకోండి. ఆ పేజీని చింపుకుని దాచుకునేలా, వెనకవైపు ఖాళీగా వదలమనండి. మొదటి అధ్యాయం తిరగరాశాక నాకు పంపండి, చదువుతాను. అమ్మాయితో మాట్లాడాక ఒక్క ముక్క రాయండి, వివరాలు వద్దు, ఆమె బాగుందని తెలిస్తే చాలు.